తికమక పెట్టే ఇంగ్లీషు మాటల్ని తెలుగుతోనే విడదీసుకోవడం ఎలా

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా మేనేజర్‌కి ఒక మెయిల్ పెట్టాను. మర్నాడు పదకొండింటికి క్లయింట్‌తో కాల్ ఉంది, నాకేమో మతిమరుపు ఎక్కువ, కాస్త ముందుగా గుర్తు చెయ్యమని అడగాలి. 'ప్లీజ్ రిమెంబర్ మీ టుమారో' అని రాసి పంపేశాను. ఆయన నా సీటు దగ్గరికొచ్చి, "ఏమయ్యా, రేపు నిన్ను తలుచుకోమన్నావు, ఎటన్నా పోతున్నావా ఏంటి?" అన్నారు. చుట్టుపక్కల వాళ్ళంతా పగలబడి నవ్వాక గానీ సంగతి నాకు ఎక్కలేదు. అక్కడ రాయాల్సింది 'రిమైండ్'.

విచిత్రం ఏంటంటే ఆ రెండు మాటలూ నాకు స్కూల్లోనే వచ్చు. రెంటికీ పక్కన 'జ్ఞాపకం' అని రాసుకుని బట్టీ పట్టాను కూడా. ఆ బట్టీ దగ్గరే దెబ్బతిన్నాను. తెలుగులో 'గుర్తుంచుకో' వేరు, 'గుర్తు చెయ్యి' వేరు, మూడో క్లాసు పిల్లాడు కూడా ఈ రెంటినీ తారుమారు చెయ్యడు. నేను మాత్రం 'గుర్తు' అనే ముక్క ఒక్కటి పట్టుకుని, దాని తోక వదిలేసి, ఆ ముక్కకి ఇంగ్లీషు వెతికాను. తెలుగులో అర్థాన్ని విడదీసే పని చాలాసార్లు ఆ తోకే చేస్తుంది.

అప్పట్నుంచీ నేను చేస్తున్న పని ఇదే, మీకూ ఇదే చెబుతున్నా. రెండు ఇంగ్లీషు మాటల మధ్య తికమక వస్తే డిక్షనరీ తెరవడానికి ముందు, చెప్పాలనుకున్న వాక్యం మొత్తాన్ని తెలుగులో, ఇంట్లో మాట్లాడుకున్నట్టుగా ఒకసారి అనుకోండి. క్రియ చివర ఏముంది, పేరు చివర 'కు' ఉందా 'తో' ఉందా, అవి చూడండి. సగం తికమకలు అక్కడే విడిపోతాయి. మిగతా సగంలో కొన్నిటికి తెలుగు సాయం చెయ్యదు, కొన్నిటి దగ్గరైతే తెలుగే మనల్ని ముంచుతుంది. వాటి సంగతి తర్వాత.

'కో' చెప్పే గుట్టు

'లెండ్', 'బారో'. రెండూ అప్పే. 'కెన్ యూ బారో మీ యువర్ చార్జర్' అని ఆఫీసుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. తెలుగులో అనుకోండి: అప్పు ఇవ్వు, అప్పు తీసుకో. ఆ 'కో' ఉన్నదే 'బారో', లేనిది 'లెండ్'. మన భాషలో 'కొను' చేరితే పని చేసినవాడికే దాని ఫలితం చేరిందని అర్థం కదా, వండాడు వేరు, వండుకున్నాడు వేరు. 'టీచ్', 'లెర్న్' కూడా అంతే, నేర్పు, నేర్చుకో. 'హి లెర్న్‌డ్ మీ డ్రైవింగ్' అనేవాళ్ళు 'అతను నాకు డ్రైవింగ్ నేర్చుకున్నాడు' అని తెలుగులో ఒక్కసారి అనుకుంటే చాలు, వాళ్ళకే నవ్వొస్తుంది.

అద్దె దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది. అద్దెకివ్వడం, అద్దెకు తీసుకోవడం అని మనం స్పష్టంగా చెబుతాం, ఇంగ్లీషులో 'రెంట్' అనే ఒక్క మాట రెండువైపులా పనిచేస్తుంది. 'లెట్' మాత్రం ఓనర్ వైపు మాట. గేటుకి వేలాడే 'టు లెట్' బోర్డు ఓనర్ పెట్టిందే కాబట్టి సరిపోయింది. దాని మధ్యలో ఎవరో ఒక 'ఐ' గీసి పోతారు, అది వేరే సంగతి.

లేచేది, లేపేది

'రైజ్', 'రెయిజ్' ఒకేలా వినిపిస్తాయి. లేచు, లేపు అనుకోండి. సూర్యుడు లేస్తాడు, తనంతట తనే, అది 'రైజ్'. చెయ్యి ఎత్తాలన్నా, జీతం పెంచాలన్నా ఎవరో ఒకరు పూనుకోవాలి, అది 'రెయిజ్'. ధరలు పెరిగాయి అంటే 'రోజ్'. కంపెనీ ధరలు పెంచింది అంటే 'రెయిజ్డ్'. పెరుగు, పెంచు, తిరుగు, తిప్పు, మేయు, మేపు. ఇలాంటి జంటలు మనకి కొల్లలు, ఇంగ్లీషు వాడికి ఏవో కొన్నే మిగిలాయి.

ఆ మిగిలినవాటిలో ఘోరమైనది 'లై', 'లే'. దీనికి నా దగ్గరున్న చిట్కా ఒక్కటే: 'లే' అంటే పెట్టు. కోడి గుడ్డు పెట్టింది, 'లెయిడ్ ఏన్ ఎగ్'. ఉద్యోగుల్ని పక్కన పెట్టారు, 'లేఆఫ్'. ఐటీలో ఉన్నవాళ్ళు ఈ మాట జన్మలో మర్చిపోరు కాబట్టి దాన్నే గుర్తుగా పెట్టుకోండి. 'లై' అంటే పడుకో, లేదా పడి ఉండు. మంచం మీద వాలాలంటే 'లై డౌన్'. అంతా బాగానే ఉంది అనుకునేలోపు ఇంగ్లీషు ఒక మెలిక పెడుతుంది, 'లై'కి భూతకాలం 'లే'. నిన్న నేను పడుకున్నాను, 'ఐ లే డౌన్'. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ బోర్లా పడతారు, కాబట్టి దీని గురించి మీరు పెద్దగా టెన్షన్ పడకండి. డాక్టరు దగ్గర బల్ల మీద పడుకోమన్నప్పుడు అర్థమైతే చాలు.

'నుంచి'ని రెండు ముక్కలు చెయ్యడం

మనవాళ్ళ ఇంగ్లీషుని ఎక్కడున్నా గుర్తుపట్టే వాక్యం ఒకటుంది: 'ఐ యామ్ వెయిటింగ్ సిన్స్ టు అవర్స్'. రెండు గంటల నుంచి, 2015 నుంచి, సోమవారం నుంచి, చిన్నప్పటి నుంచి. మనకి అన్నిటికీ 'నుంచి' ఒక్కటే, ఇంగ్లీషులో 'ఫర్', 'సిన్స్' అని రెండు. 'పాయింట్ ఆఫ్ టైమ్, పీరియడ్ ఆఫ్ టైమ్' అని గ్రామర్ క్లాసులో చెప్పేవారు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం, బయటికొచ్చి మళ్ళీ 'సిన్స్ టు అవర్స్' అన్నాం. మాట్లాడేటప్పుడు పాయింటా పీరియడా అని లెక్కేసుకునే తీరిక ఎవరికుంటుంది.

తెలుగులోనే ఒక పరీక్ష ఉంది, చాలామందికి తట్టదు. 'నుంచి' తీసేసి ఆ చోట 'గా' పెట్టి చూడండి. 'రెండు గంటల నుంచి' అన్నదాన్ని 'రెండు గంటలుగా' అనొచ్చు. 'పదేళ్ళ నుంచి' అంటే 'పదేళ్ళుగా'. చక్కగా కుదిరింది కదా, అయితే అది 'ఫర్'. ఇప్పుడు 'సోమవారం నుంచి'ని 'సోమవారంగా' అనండి. '2015గా' అనండి. నోరు తిరగదు. అక్కడ 'సిన్స్'. 'గా' కుదిరితే 'ఫర్', కుదరకపోతే 'సిన్స్', అంతే.

దీనికి ఒక మినహాయింపు. ఆ పని ఇప్పటికీ సాగుతుంటేనే 'సిన్స్'. వచ్చే సోమవారం నుంచి సెలవులు అంటే ఇంకా మొదలే కాలేదు, అక్కడ 'ఫ్రమ్'. విజయవాడ నుంచి వచ్చాను అన్నా 'ఫ్రమ్'. ఇక వాక్యంలో రెండో సగం, 'ఎదురుచూస్తున్నా' అని మనం వర్తమానంలో చెప్పేదాన్ని ఇంగ్లీషువాళ్ళు 'హావ్ బీన్ వెయిటింగ్' అంటారు. 'ఐ హావ్ బీన్ వెయిటింగ్ ఫర్ టు అవర్స్'. ఈ వాక్యాన్ని వారం రోజులు పైకి అనండి. నేను బస్టాపులో నిలబడి అనుకునేవాణ్ణి, సందర్భం కూడా కలిసొచ్చేది.

కల్లా, దాకా

'ఐ విల్ సబ్మిట్ ది రిపోర్ట్ టిల్ ఫ్రైడే' అని మెయిల్ పెడితే అవతల ఉన్నవాడికి ఏమీ అర్థం కాదు. శుక్రవారం దాకా రిపోర్టులు ఇస్తూనే ఉంటావా అని అడుగుతాడు. శుక్రవారానికల్లా, శుక్రవారం లోపు అంటే 'బై'. శుక్రవారం దాకా అంటే 'టిల్' లేదా 'అన్టిల్'. ఐదింటికల్లా వచ్చెయ్ అంటే 'బై ఫైవ్', ఐదింటి దాకా ఉండు అంటే 'టిల్ ఫైవ్'. 'వరకు' అనే మాట దగ్గర జాగ్రత్త పడాలి, కొందరు దాన్ని రెంటికీ వాడతారు, 'రేపటి వరకు ఇచ్చేస్తా' అన్నట్టు. అలా మాట్లాడే అలవాటుంటే ముందు దాన్ని 'కల్లా'గానో 'దాకా'గానో మార్చి చూసుకుని అప్పుడు ఇంగ్లీషులోకి వెళ్ళండి.

'రెండు రోజుల్లో పంపిస్తాను' కూడా ఇలాంటిదే. 'ఇన్ టు డేస్' అంటే సుమారుగా రెండు రోజులు గడిచాక. 'వితిన్ టు డేస్' అంటే ఆ రెండు రోజులు దాటకుండా ఎప్పుడైనా. క్లయింటుకి మాట ఇచ్చేటప్పుడు ఈ తేడా డబ్బుల దాకా వెళ్తుంది.

నాతో అన్నాడు, నాకు చెప్పాడు

'హి సెయిడ్ మీ', 'హి టోల్డ్ టు మీ'. రెండూ తప్పే. తెలుగులో విభక్తి చూడండి. 'అను'కి 'తో' వస్తుంది, 'నాతో అన్నాడు'. 'చెప్పు'కి 'కు' వస్తుంది, 'నాకు చెప్పాడు'. 'తో' వచ్చినచోట ఇంగ్లీషులో 'టు' పెట్టండి, 'సెయిడ్ టు మీ'. 'కు' వచ్చినచోట ఏమీ పెట్టకండి, 'టోల్డ్ మీ'. రాత్రికి రాత్రే సరైపోయే తప్పు ఇది. 'స్పీక్', 'టాక్' రెండూ మాట్లాడటమే. భాష పేరు వస్తే 'స్పీక్', కబుర్లకి 'టాక్' అనుకుంటే రోజు గడిచిపోతుంది.

ఆన్‌లైన్ మీటింగుల్లో ఇంకో ముచ్చట. 'ఆర్ యూ లిజనింగ్ మీ?' అని అడుగుతాం, 'నా మాట వినపడుతోందా' అనే ఉద్దేశంతో. అవతలివాడికి 'అసలు నేను చెప్పేది వింటున్నావా లేదా' అని గద్దించినట్టు తగులుతుంది, పైగా 'లిజనింగ్' తర్వాత 'టు' కూడా లేదు. వినపడటం 'హియర్', వినడం 'లిజన్'. కనపడటం 'సీ', చూడటం 'లుక్', కదిలేదాన్ని కాసేపు అలా చూస్తూ ఉంటే 'వాచ్'. 'కెన్ యూ హియర్ మీ?' అనండి చాలు.

చెయ్యలేదు, చెయ్యను

నాకు బాగా ఇష్టమైన జంట ఇది, 'డినై', 'రెఫ్యూజ్'. డిక్షనరీలో రెంటికీ 'నిరాకరించు' అని ఉంటుంది, దాంతో ఒరిగేదేమీ లేదు. మనిషి నోటి నుంచి వచ్చిన మాట ఏంటో ఊహించుకోండి. పోలీసులు అడిగితే 'నేను చెయ్యలేదు' అన్నాడా? 'డినై'. పని చెబితే 'నేను చెయ్యను' అన్నాడా? 'రెఫ్యూజ్'. జరిగినదాని గురించి లేదు, కాదు అనడం ఒకటి, జరగాల్సినదానికి ఒప్పుకోకపోవడం ఇంకొకటి. 'హి డినైడ్ టు కమ్' అనే వాక్యం అందుకే నిలబడదు, 'రానన్నాడు' కదా, 'రెఫ్యూజ్డ్ టు కమ్'. ఇచ్చిన వస్తువునో దరఖాస్తునో పనికిరాదని పక్కన పడేస్తే 'రిజెక్ట్'. పెళ్ళికి పిలిస్తే మర్యాదగా, వీలు కాదండీ అంటే 'డిక్లైన్'.

'మరి వీసా డినై అయింది అంటారు కదా' అని అడుగుతారని తెలుసు. 'డినై'కి ఆ రెండో వాడకం కూడా ఉంది, అడిగినది ఇవ్వకపోవడం. అమెరికా స్టూడెంట్ వీసా, చదువయ్యాక తిరిగెళ్తారన్న నమ్మకం కుదరలేదని చెప్పే 214(బి) సెక్షన్ కింద ఆగిపోతే ఆన్‌లైన్ స్టేటస్‌లో 'రెఫ్యూజ్డ్' అని చూపిస్తుంది, జనం 'డినై అయింది' అంటారు, ఇంట్లో వాళ్ళు బంధువులకి 'రిజెక్ట్ చేశారట' అని చెబుతారు. ఈ ఒక్కచోట మూడూ నడుస్తాయి, వినేవాళ్ళ బాధ ఒకటే.

దొంగిలించింది ఏంటి, దోచింది ఎవర్ని

'మై ఫోన్ వాజ్ రాబ్డ్' అనకూడదు. ఫోన్ దొంగిలించారు, 'స్టోలెన్'. మనిషిని దోచుకున్నారు, బ్యాంకుని దోచుకున్నారు, 'రాబ్డ్'. పోయిన వస్తువుకి 'స్టీల్', పోగొట్టుకున్న మనిషికో చోటుకో 'రాబ్'. చట్టంలో అయితే తేడా ఇంకొంచెం గట్టిది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్, దోపిడీ 309. దోపిడీ అనాలంటే బలప్రయోగమో బెదిరింపో ఉండాలి. ఐదుగురు గానీ అంతకంటే ఎక్కువమంది గానీ కలిసి దోపిడీ చేస్తే అది 310 కిందికి పోతుంది, దాన్నే 'డెకాయిటీ' అంటారు. మెడలో గొలుసు లాక్కుపోయే రకానికి 304 అని కొత్తగా విడిగా సెక్షనే పెట్టారు. కాబట్టి విదేశంలో పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, కేఫ్‌లో టేబుల్ మీద వదిలేసిన ల్యాప్‌టాప్ గురించి 'ఐ వాజ్ రాబ్డ్' అంటే, ఎవరు బెదిరించారు, చేతిలో ఆయుధం ఉందా అని మొదలుపెడతారు.

తెలుగు చేతులెత్తేసే చోట్లు

ఇంతవరకూ తెలుగు మనవైపే ఉంది. ఇక్కడ ఉండదు. చెట్టు నీడ, నా నీడ. తెలుగులో తేడా లేదు, ఇంగ్లీషులో 'షేడ్', 'షాడో'. కూర్చుని సేదతీరగలిగితే 'షేడ్', ఆకారం కనిపిస్తే 'షాడో'. ఇలాంటివాటికి పరీక్షలేం లేవు, ఒక్కో దృశ్యాన్ని మనసులో పెట్టుకోవడమే.

ఒంటి భాగాలు మరీ ముఖ్యం. మనకి భుజం కింద నుంచి వేళ్ళ కొసల దాకా అంతా చెయ్యే. ఇంగ్లీషులో మణికట్టు దాటి కిందికొస్తేనే 'హాండ్', పైదంతా 'ఆర్మ్'. కాలు కూడా అంతే, చీలమండ కింద 'ఫుట్', పైన 'లెగ్'. చేతికుంటే 'ఫింగర్', కాలికుంటే 'టో', మనకి రెండూ వేళ్ళే. అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు దగ్గరికి వాళ్ళ మావగారు వెళ్ళినప్పుడు ఒక రాత్రి ఎడం చెయ్యి భుజం నుంచీ లాగేస్తోందన్నారు. వీడు ఫోన్‌లో నర్సుకి 'లెఫ్ట్ హాండ్ ఈజ్ పెయినింగ్' అని చెబితే ఆవిడ, ఏ వేలు, ఎక్కడన్నా కొట్టుకుందా, వాచిందా అని అడుగుతూ పోయింది. 'లెఫ్ట్ ఆర్మ్' అని ఉంటే ఆవిడ అడిగే ప్రశ్నలే వేరుగా ఉండేవి, ఎందుకంటే ఎడం 'ఆర్మ్' నొప్పి గుండెపోటు లక్షణాల్లో ఒకటి. చివరికి అది కండరం పట్టేయడమే అని తేలింది, అందుకే ఇప్పుడు నవ్వుకుంటూ చెప్పుకుంటున్నాం. తల్లిదండ్రుల్ని విదేశాలకు పంపేవాళ్ళు ఈ నాలుగు మాటలూ వాళ్ళకి నేర్పి పంపండి, మిగతా ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు. అన్నట్టు 'లూజ్ మోషన్స్' అంటే అక్కడ చాలామందికి తెలీదు, 'డయేరియా' అనాలి.

'కనిపెట్టడం' కూడా మనకి ఒక్కటే. ఉన్నదాన్ని కనిపెట్టినా, లేనిదాన్ని తయారుచేసినా అదే మాట. ముందునుంచీ ఉండి మనకి తెలియనిది బయటపడితే 'డిస్కవర్', అంతకుముందు లోకంలోనే లేనిది చేస్తే 'ఇన్వెంట్'. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు, అది 'డిస్కవరీ', దోమా ఉంది, పరాన్నజీవీ ఉంది, ఆ లంకె ఆయనకి దొరికింది, 1902లో నోబెల్ వచ్చింది. 1876లో గ్రాహంబెల్ పేటెంట్ తీసుకున్న టెలిఫోన్ 'ఇన్వెన్షన్'. పిల్లల ప్రాజెక్టు చార్టుల్లో ఈ రెండూ కలిసిపోకుండా చూడండి, ఆ చార్టులు అర్ధరాత్రి దాకా కూర్చుని చేసేది మనమే కదా.

మనం తెచ్చుకుని మార్చేసిన మాటలు

'చొక్కా లూజుగా ఉంది', 'నట్టు లూజైంది', 'వాడికి కొంచెం లూజు'. ఈ మాట తెలుగులో ఎంత పాతుకుపోయిందంటే దాని ఉచ్చారణ మారిందని మనకి తెలియదు. వదులుగా ఉన్నదాన్ని ఇంగ్లీషులో 'లూస్' అంటారు, చివర 'స్'. చివర 'జ్' పలికితే అది పోగొట్టుకోవడం, ఓడిపోవడం. రాతలో వదులుగా ఉన్నదానికి రెండు 'ఓ'లు, పోగొట్టుకున్నదానికి ఒక్కటే. ఒక 'ఓ' పోగొట్టుకుంది కాబట్టే అది 'లూజ్' అని గుర్తుపెట్టుకోండి. స్పెల్‌చెక్‌ని నమ్ముకుంటే లాభం లేదు, రెండూ సరైన మాటలే కాబట్టి అది ఎర్ర గీత గీయదు. ఈ 'స్', 'జ్' తేడాలోనే 'ప్రైస్', 'ప్రైజ్' ఉన్నాయి, ధర ఒకటి, బహుమతి ఒకటి. 'అడ్వైస్', 'అడ్వైజ్' ఉన్నాయి, సలహా ఒకటి, సలహా ఇవ్వడం ఒకటి.

'అఫెక్ట్', 'ఎఫెక్ట్' మనకి కష్టం కావడానికి కూడా తెలుగే కారణం. ఏ ఇంగ్లీషు నామవాచకానికైనా 'అయింది', 'చేశాం', 'పడింది' తగిలించి క్రియ చేసేస్తాం. 'ఎఫెక్ట్ పడింది', 'ఎఫెక్ట్ అయ్యాం'. దాంతో క్రియకి వేరే మాట ఉంటుందన్న ఆలోచనే రాదు. ముందు 'ది', 'ఏన్' లాంటివి పెట్టగలిగితే 'ఎఫెక్ట్', అంటే ప్రభావం. ప్రభావం చూపడం 'అఫెక్ట్'. నూటికి తొంభైసార్లు ఇంతే, మిగతా పదిసార్లు లాయర్లు చూసుకుంటారు.

'డౌట్' సంగతి. క్లాసులో చెయ్యెత్తి 'సార్, ఐ హావ్ ఫ్యూ డౌట్స్' అని మనం అందరం అన్నవాళ్ళమే. మన సందేహం మాటకి ప్రశ్న అనీ, అనుమానం అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో 'డౌట్' అంటే అనుమానమే, నువ్వు చెప్పేది నేను నమ్మట్లేదు అని. దానికి తోడు 'ఫ్యూ' ముందు 'ఎ' లేకపోతే అర్థం తలకిందులవుతుంది. 'ఎ ఫ్యూ' అంటే కొన్ని ఉన్నాయి, వట్టి 'ఫ్యూ' అంటే పెద్దగా ఏమీ లేవు. అంటే మాస్టర్స్ చదవడానికి వెళ్ళిన మన కుర్రాడు లేచి నిలబడి ప్రొఫెసర్‌తో 'మీరు చెప్పినదాని మీద నాకు పెద్దగా అనుమానాలేం లేవు' అన్నాడన్నమాట. ఆయన థాంక్యూ చెప్పి పాఠం ముందుకి తీసుకుపోతే మనవాడు ఇంకా నిలబడే ఉన్నాడు. 'ఐ హావ్ ఎ ఫ్యూ క్వశ్చన్స్' అనాలి. హైదరాబాద్‌లో మాత్రం 'డౌట్' నిశ్చింతగా వాడుకోండి, అందరికీ అర్థమవుతుంది.

నోటుబుక్కు ఎలా పెట్టుకోవాలి

మాట పక్కన అర్థం రాసే పాత పద్ధతి వద్దు. పేజీకి ఒక్క జంటే. పైన ఒక తెలుగు వాక్యం, కింద దాని ఇంగ్లీషు; మళ్ళీ ఇంకో తెలుగు వాక్యం, దాని ఇంగ్లీషు. వాక్యాలు మీ సొంత జీవితంలోవి అయి ఉండాలి. 'రాముడు సీతకు పుస్తకం అరువిచ్చెను' లాంటివి రాస్తే మర్నాటికి గుర్తుండదు, 'బావ దగ్గర యాభై వేలు తీసుకున్నా, ఇంకా ఇవ్వలేదు' అని రాస్తే 'బారో' చచ్చినా మర్చిపోరు. వారానికి మూడు జంటలు చాలు. అంతకంటే ఎక్కువ పెట్టుకున్న వారం నేనెప్పుడూ పూర్తి చెయ్యలేదు. డిక్షనరీ కావాలంటే ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం చేసినది చూడండి, అందులో ప్రతి మాటకీ వాడుక వాక్యాలుంటాయి. ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ అర్థం తెలుసుకోవడానికి బాగానే ఉంటుంది, జంటల్ని విడదీయడానికి పనికిరాదు.

'అష్యూర్', 'ఎన్‌ష్యూర్', 'ఇన్‌ష్యూర్' మూడూ కావాలంటే ఒకే పేజీలో పెట్టుకోండి. మనిషికి భరోసా ఇస్తే మొదటిది, పని జరిగేలా చూసుకుంటే రెండోది, బీమా చేయిస్తే మూడోది. ఇంట్లో ఎల్‌ఐసీ బాండు ఉంటే తీసి చూడండి, 'సమ్ అష్యూర్డ్' అని ఉంటుంది. చావు ఎప్పటికైనా తప్పదు కాబట్టి జీవిత బీమాకి 'అష్యూరెన్స్' అనీ, అగ్నిప్రమాదం లాంటివి జరగొచ్చు జరగకపోవచ్చు కాబట్టి వాటికి 'ఇన్సూరెన్స్' అనీ బ్రిటిష్‌వాళ్ళ పాత అలవాటు.

ఒకేలా పలికి వేరేలా రాసేవి

ఇవి చెవికి అస్సలు తెలియవు. కాలేజీ 'ప్రిన్సిపల్', నియమం అనే అర్థంలో 'ప్రిన్సిపుల్'. దీనికి తెలుగులో అచ్చంగా సరిపోయే తాళం ఒకటుంది. మీ హోమ్‌లోన్ స్టేట్‌మెంట్‌లో వడ్డీ పక్కన ఉండే 'ప్రిన్సిపల్'ని మనం ఏమంటాం? అసలు. మామూలు మాటల్లో 'అసలు' అంటే ముఖ్యమైనది, ప్రధానమైనది. అసలు మనిషి, అసలు కారణం, అసలు సొమ్ము, కాలేజీకి అసలు పెద్ద, అన్నీ 'పి-ఎ-ఎల్'తో అయ్యే మాటే. నియమం, సిద్ధాంతం అయితే చివర 'పి-ఎల్-ఇ'.

ఇక 'స్టేషనరీ'. పెన్నులూ కాగితాలూ అమ్మే చోటికి ఆఖర్న 'ఇ-ఆర్-వై', కదలకుండా ఉన్నదానికి 'ఎ-ఆర్-వై'. 'ఎన్వలప్' మొదటి అక్షరం 'ఇ' కాబట్టి కాగితాలది 'ఇ'. మా వీధి చివర షాపు బోర్డు మీద 'ఎ' ఉంది, అంటే 'బుక్స్ అండ్ కదలనిది' అని చదువుకోవాలి. చాలా ఏళ్ళు దాన్ని చూసి నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది, మధ్యయుగాల్లో యూరప్‌లో పుస్తకాలు అమ్మేవాళ్ళలో తిరుగుతూ అమ్మేవాళ్ళు ఎక్కువ, ఒక్కచోట స్థిరంగా అంగడి పెట్టుకున్నవాణ్ణి లాటిన్‌లో 'స్టేషనేరియస్' అన్నారు, ఈ 'స్టేషనరీ' అక్కణ్ణుంచే వచ్చింది. మా వీధి షాపు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే మూల మీద ఉంది, అంగుళం కదల్లేదు. ఇప్పుడు ఆ బోర్డు జోలికి నేను పోవట్లేదు.